బ్యాటరీ వైరు పీకే ముందు

కారులో ఏదో లోపం ఉందని హెచ్చరించే చెక్ ఇంజిన్ లైట్ వెలిగిందని మన గ్రూపుల్లో ఎవరైనా అడిగితే చాలు, "బ్యాటరీ వైరు ఓ పావుగంట తీసి పెట్టండి, అదే పోతుంది" అని వెంటనే సలహా వస్తుంది. చాలా కార్లలో లైట్ పోయే మాట నిజమే. కానీ లోపం ఎక్కడిదక్కడే ఉంటుంది, దాని ఆనవాళ్లు మాత్రం చెరిగిపోతాయి. అందుకే ఈ సలహా మానేద్దామని అడుగుతున్నాను.

లైట్ వెలిగినప్పుడు కారు కంప్యూటర్ ఆ లోపం ఏమిటో సూచించే ఒక కోడ్ రాసుకుంటుంది. ఆ క్షణంలో ఇంజిన్ ఎంత వేగంతో తిరుగుతోంది, ఎంత వేడిగా ఉంది, ఎంత లోడ్ మీద ఉంది అన్నది కూడా పక్కనే నమోదు చేస్తుంది. దీన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. అప్పుడప్పుడు మాత్రమే వచ్చే లోపాన్ని పట్టుకోవడానికి మెకానిక్‌కి ఇంతకు మించిన ఆధారం దొరకదు.

నేను ఓసారి సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. చూసినరోజు డ్యాష్‌బోర్డు మీద ఒక్క లైటూ లేదు. నాలుగో రోజు వెలిగింది. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడైందని తేలింది. అమ్మినాయన ఏం చేశాడో నాకు తెలియదు, కానీ కొనే ముందు చూసుకోవాల్సింది ఒకటుందని మాత్రం ఆ తర్వాతే తెలిసింది. మెమరీ చెరిగిన కారు తన పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి. కొన్నిటికి చల్లబడిన ఇంజిన్ స్టార్ట్ చేయాలి, కొన్నిటికి కాసేపు ఒకే వేగంతో నడపాలి, ట్యాంకులో ఇంధనం మరీ నిండుగానో మరీ తక్కువగానో ఉంటే కొన్ని అసలు మొదలే కావు. అన్నీ పూర్తవడానికి రోజులు పడుతుంది. అప్పటిదాకా కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్‌లో 'నాట్ రెడీ' అని కనిపిస్తుంది. అమ్మే కారులో అవి ఎక్కువగా కనిపిస్తే ఎందుకని అడగండి. బ్యాటరీ కొత్తది వేసి ఉండొచ్చు, అలాగైతే చెబుతారు. కారు కంప్యూటర్‌ను కూడా చూసే పొగ పరీక్షకు వెళ్లాల్సిన కారుకూ ఇదే ఇబ్బంది. ముందురోజు వైరు పీకి వెళ్తే, లోపం లేని కారునైనా వెనక్కి పంపేయొచ్చు.

మిగతావి చిన్న చికాకులు. గడియారం, రేడియో, ఒక్క నొక్కుతో పైకి వెళ్లే అద్దాలు మళ్లీ సెట్ చేసుకోవాలి. కొన్ని రోజులు ఐడ్లింగ్ (కారు ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరగడం) సరిగా ఉండకపోవచ్చు, ఆటోమేటిక్ గేర్లు కుదుపుతో మారొచ్చు. ఇంజిన్, గేర్‌బాక్స్ నేర్చుకున్న లెక్కలు పోయాయి కాబట్టి అవి మళ్లీ నేర్చుకుంటాయి.

ఒక పని మాత్రం ఎప్పుడూ చేయకండి. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ బాగుందో లేదో చూడటానికి ఇంజిన్ నడుస్తుండగా వైరు పీకడం పాత కార్ల నాటి అలవాటు. ఆల్టర్నేటర్ కరెంటును మింగే బ్యాటరీ ఒక్కసారిగా లేకపోతే వోల్టేజి ఎగిసిపడి కంప్యూటర్లే కాలిపోవచ్చు. వోల్టేజి కొలిచే మల్టీమీటర్ ఉంటే ఆ పరీక్ష అర నిమిషం పని.

రిపేరు కోసం తీయక తప్పకపోతే నెగటివ్ ముందు తీసి, చివర్లో పెట్టండి. కారు బాడీ అంతా నెగటివ్‌కే కలిసి ఉంటుంది, అందుకే పాజిటివ్ విప్పుతున్న పానా బాడీకి తగిలితే షార్టవుతుంది. ఎయిర్‌బ్యాగ్ దగ్గర పనైతే మాన్యువల్ చెప్పినన్ని నిమిషాలు ఆగండి, వైరు తీశాక కూడా అందులో కాసేపు కరెంటు నిలవ ఉంటుంది. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో 12 వోల్టుల వైరు తీసేశాం కదా అని హై వోల్టేజి ఉండే ఆరెంజ్ కేబుళ్ల జోలికి వెళ్లొద్దు. బ్యాటరీ డిక్కీలో ఉంటే మూసే ముందు తాళంచెవి జేబులో ఉందో లేదో చూసుకోండి, కరెంటు లేకపోతే బటన్ నొక్కినా అది తెరుచుకోదు.

నెలల తరబడి కారు వదిలి వెళ్లేవాళ్లు కూడా వైరు పీకే బదులు, ప్లగ్ పాయింట్ దగ్గర్లో ఉంటే బ్యాటరీ ఛార్జి తగ్గకుండా చూసే బ్యాటరీ మెయింటెయినర్ పెట్టుకోవచ్చు. ఇక లైట్ వెలిగినవాళ్ల కోసం మన సంఘం ఒక చిన్న స్కానర్ కొని ఉంచితే బాగుంటుంది. ఎవరికి అవసరమైతే వాళ్లు తీసుకెళ్లి, కోడ్ ఫోటో తీసుకుని, తిరిగి ఇచ్చేస్తారు.