లక్ష రూపాయల ఆఫ్రికా సఫారీ అనే కాకిలెక్క

గడచిన రెండు నెలల్లో ఒకే సందేశం నా ఫోనుకు పదకొండు సార్లు వచ్చింది. మొదట కావలిలో ఉంటున్న మా బావమరిది పంపించాడు, తర్వాత మా విశ్రాంత ఉద్యోగుల బృందంలో ముగ్గురు పంపించారు, ఆ తర్వాత ఒంగోలు నుంచి మా వియ్యంకులు "అన్నయ్యగారూ, మీరు వెళ్ళివచ్చారు కదా, ఇది నిజమేనా?" అనే ప్రశ్నతో సహా పంపించారు. "తలకు లక్షలో వారం రోజుల ఆఫ్రికా సఫారీ: ఏజెంట్లు దాచే ఎనిమిది రహస్యాలు" అని దాని శీర్షిక. కింద సింహం బొమ్మ, మూడు నమస్కారాలు, కనీసం పదిమందికి పంపాలన్న ఆజ్ఞ. బ్యాంకులో ముప్ఫై నాలుగేళ్ళు ఇతరుల లెక్కలు సరిచూసిన అలవాటు ఉద్యోగ విరమణతో పోలేదు కనుక, వియ్యంకులకు ఇవ్వవలసిన జవాబును అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను.

మొదటి రహస్యం ప్రకారం, "మసాయ్ మారా ప్రవేశ రుసుము మన జూ టికెట్టులాగా నామమాత్రమే." కెన్యాలో ఉన్న ఈ మారా అభయారణ్యం రుసుము విదేశీ పెద్దలకు జనవరి నుంచి జూన్ వరకు రోజుకు 100 డాలర్లు, జులై నుంచి డిసెంబరు వరకు రోజుకు 200 డాలర్లు. మారాను నడిపే నారోక్ కౌంటీ, అంటే అక్కడి జిల్లా, ప్రభుత్వం 2024లో తెచ్చిన పద్ధతి ఇది. పైగా ఆ రోజు అంటే ఇరవై నాలుగు గంటలు కాదు, ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు ఉన్న పన్నెండు గంటలే. డాలరును 90 రూపాయలుగా వేసుకుంటే, ఆగస్టులో వెళ్ళిన దంపతులు మూడు రోజులకు గేటు దగ్గరే లక్షా ఎనిమిది వేల రూపాయలు కట్టాలి. ఇద్దరికీ కలిపి ఈ సందేశం అనుమతించిన రెండు లక్షల్లో సగానికి పైగా సింహం తోక కూడా కనిపించకముందే ఖర్చయిపోతుంది. మిగిలిన తొంభై రెండు వేలతో ఇద్దరూ విమానమెక్కి, వారం రోజులు తిని, పడుకుని, తిరిగి, ఇంటికి చేరుకోవాలి. బహుశా తిరుగు ప్రయాణం ఓడలో అయివుంటుంది.

రెండవ రహస్యం దీనికి తోబుట్టువు. "జులై, ఆగస్టు అక్కడ వానాకాలం కాబట్టి అప్పుడు అన్నీ చవక" అంటుంది. మన నైరుతి రుతుపవనాలను కెన్యాకు కూడా పంపించిన ఆ ఔదార్యానికి ఏమనాలి? అక్కడ పెద్దవానలు మార్చి నుంచి మే వరకు, చిన్నవానలు నవంబరు ప్రాంతంలో పడతాయి. జులై నుంచి అక్టోబరు వరకు పక్కనున్న టాంజానియాలోని సెరెంగెటి నుంచి వచ్చే వైల్డ్‌బీస్ట్ అనే పెద్ద జింకల మందలు మారా నదిని దాటే కాలం. ప్రపంచమంతా కెమెరాలు పట్టుకుని అక్కడికి చేరుకునే రోజులవే కాబట్టి, గేటు రుసుము మొదలుకుని గుడారపు అద్దె వరకు ప్రతి ధరా పైకి వెళుతుంది. నిజంగా ఖర్చు తగ్గించుకోదలచిన వారికి ఏప్రిల్, మే నెలలున్నాయి, కాకపోతే బురదలో బండి దిగబడడానికి సిద్ధపడాలి. నదిని దాటే దృశ్యం మీద మోజు లేకపోతే జనవరి, ఫిబ్రవరి నెలలు ఎంతో మేలు: వాన ఉండదు, రుసుము సగమే, సింహాలు, ఏనుగులు, చిరుతలు ఎక్కడికీ పోవు.

మేము నలుగురం, అంటే నేను, నా భార్య, మా తమ్ముడు, మరదలు, 2025 ఫిబ్రవరిలో వెళ్ళాము. మూడు రాత్రులు మారాలో, రెండు రాత్రులు నైరోబీలో ఉన్నాము. తలకు అయిన ఖర్చు చెబుతాను: గేటు రుసుము 300 డాలర్లు, భోజనంతో కలిపి గుడారాల శిబిరానికి 360, బండిలో నా వాటా 250, నైరోబీ బస, ప్రయాణ అనుమతి, డ్రైవరు బహుమానం వగైరాలు కలిసి 154. అప్పటి ధరలో డాలరు 87 రూపాయలు కాబట్టి ఇది తొంభై రెండు వేల అయిదు వందలకు కాస్త పైన. విమానానికి నలభై ఎనిమిది వేలు, టీకా, బీమా, చెన్నై రాకపోకలకు నాలుగున్నర వేలు. మొత్తం లక్షా నలభై అయిదు వేలు. ఇది చవక కాలంలో, నలుగురు ఒకే బండి పంచుకుని, కాళ్ళు చాపితే గుడారపు గుడ్డ తగిలే శిబిరంలో పడుకుంటే అయిన లెక్క. ఇదే ప్రయాణం ఆగస్టులో చేస్తే గేటు దగ్గరే తలకు మరో 300 డాలర్లు పెరుగుతాయి, శిబిరం ధర కూడా పెరుగుతుంది కాబట్టి రెండు లక్షలకు దగ్గరపడుతుంది.

బండి గురించి మూడవ రహస్యం చెప్పే మాట వింటే, ఆ రాసినాయన నెల్లూరు ఆత్మకూరు బస్టాండు దాటి ఎటూ వెళ్ళలేదేమోనన్న అనుమానం కలుగుతుంది. "గేటు దగ్గర షేరింగ్ జీపులు వరుసగా ఉంటాయి, మనిషికి వంద, రెండు వందలు ఇస్తే తిప్పుతారు" అట. నైరోబీ నుంచి మారాకు రోడ్డు మీద అయిదారు గంటల ప్రయాణం, చివరి భాగం నడుముకు పరీక్ష పెడుతుంది. సామాన్య పర్యాటకులు నైరోబీలోనే డ్రైవరుతో సహా బండి మాట్లాడుకుని, ఆ బండిలోనే వెళ్ళి, ఆ బండిలోనే మృగాలను చూసి, ఆ బండిలోనే తిరిగి వస్తారు. పైకప్పు లేచే ల్యాండ్‌క్రూయిజర్‌కు మాకు చెప్పిన ధర రోజుకు 250 డాలర్లు. ఇద్దరెక్కినా అంతే, ఆరుగురెక్కినా అంతే. సఫారీ ఖర్చులో మన చేతిలో ఉన్నవి ప్రధానంగా రెండే, వెళ్ళే నెల, బండిలో ఎక్కే మనుషుల సంఖ్య. గేటు రుసుమును ఎవరి రహస్యమూ తగ్గించలేదు. అసలైన ఈ రెండు మాటలను ఎనిమిది రహస్యాల్లో ఒక్కటి కూడా చెప్పకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది.

నాలుగవది, వీసా అక్కర్లేదన్నది, సగం నిజం. 2024 జనవరి నుంచి కెన్యా వీసాను తీసివేసిన మాట వాస్తవమే, దాని స్థానంలో ముప్ఫై డాలర్ల పైచిలుకు కట్టి ఆన్‌లైన్‌లో ముందే ప్రయాణ అనుమతి తెచ్చుకోవాలన్నది కూడా వాస్తవమే. అయిదవది, ఏజెంటుకు నగదు ఇస్తే టీసీఎస్, అంటే విదేశీ యాత్రకు డబ్బు కట్టేటప్పుడే ఏజెంటు వసూలు చేసే పన్ను, మిగులుతుందన్న సలహా. ఆ టీసీఎస్ మన ఆదాయపు పన్ను లెక్కలో జమ అవుతుంది, రసీదు లేని నగదు మాత్రం ఎక్కడా జమ కాదు. ఇంతకంటే దీని మీద మాట వృథా చేయను.

ఆరవది మన ఇంటి ఆడవాళ్ళ కష్టానికి సంబంధించినది. పులిహోర, చపాతీలు, పొడులు, గోంగూర పచ్చడి "విడివిడిగా పాలిథిన్ కవర్లలో కట్టుకుని" వెళితే తిండి ఖర్చు ఉండదట. కెన్యా 2017 ఆగస్టులో ప్లాస్టిక్ సంచులను నిషేధించింది. ఆ చట్టం కింద జరిమానాలు లక్షల షిల్లింగుల్లో ఉంటాయి. జాతీయ ఉద్యానాల్లోకి ప్లాస్టిక్ నీళ్ళ సీసాలను సైతం 2020 జూన్ నుంచి రానివ్వడం లేదు. అదీగాక శిబిరాల్లో మూడు పూటల భోజనం సాధారణంగా అద్దెలోనే కలిసి ఉంటుంది, అంటే మనం డబ్బు కట్టిన భోజనం వదులుకుని, రెండు రోజుల నాటి చపాతీ తినాలన్నమాట. మా మరదలు గాజుసీసాలో కొంచెం గోంగూర తెచ్చింది. దాన్ని మా డ్రైవరు మాకంటే ఇష్టంగా తిన్నాడు, అది వేరే సంగతి.

ఇక ఏడవ రహస్యం. ఇది లేకపోతే నేను మిగిలినవాటిని చదివి నవ్వుకుని ఊరుకునేవాడిని. యథాతథంగా ఇస్తున్నాను: "ఎల్లో ఫీవర్ సూది దండగ. కెన్యాలో ఎవరూ అడగరు. పసుపు కార్డు ఏజెంటే రెండున్నర వేలకు ఇప్పిస్తాడు, సూది నొప్పి ఉండదు."

కెన్యాలో అడగరన్నది నిజమే, ఎందుకంటే భారతదేశంలో ఆ జబ్బు లేదు. అడిగేది మనమే, తిరిగి వచ్చినప్పుడు, మన విమానాశ్రయంలో. మన ప్రభుత్వం జబ్బు ఉన్న దేశాల జాబితాలో కెన్యాను పెట్టింది. ఆ దేశం నుంచి బయలుదేరిన ఆరు రోజుల్లోపు చెల్లుబాటయ్యే టీకా పత్రం (పసుపు కార్డంటే ఇదే) లేకుండా ఇక్కడ దిగినవారిని, ఆ ఆరు రోజులు పూర్తయ్యేదాకా విడిగా ఉంచే అధికారం విమానాశ్రయ ఆరోగ్యాధికారులకు ఉంది. ఎందుకంత పట్టుదల అంటే, ఆ జబ్బును మోసే ఈడిస్ దోమ డెంగీని మోసే ఆ దోమే. నెల్లూరులో డెంగీ ఎరుగని వీధి ఉంటే నాకు చూపించండి. డాబా మీద మూత లేని డ్రమ్ములో, కొబ్బరి చిప్పలో, పాత టైరులో అది హాయిగా పెరుగుతోంది. దోమ సిద్ధంగా ఉంది, టీకా లేని జనం కోట్లలో ఉన్నారు, లేనిది వైరస్ ఒక్కటే. రెండున్నర వేలు పెట్టి దొంగకార్డు కొన్నవాడు ఆ లోటును కూడా తీర్చగలడు.

జబ్బు ఎటువంటిదో కూడా చెప్పాలి. ఎక్కువమంది జ్వరంతో బయటపడతారు, కానీ కొందరిలో కాలేయం దెబ్బతిని, కళ్ళు పచ్చబడి, రక్తస్రావం మొదలవుతుంది. ఆ దశకు చేరినవారిలో సుమారు సగం మంది బతకరు. దానిని చంపే మందు లేదు, ఉన్నది టీకా ఒక్కటే. అది ఒక్కసారి వేయించుకుంటే చాలు, 2016 నుంచి ఆ పత్రం జీవితాంతం చెల్లుతుంది. చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు, హైదరాబాదు నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. ప్రభుత్వ కేంద్రాల్లో దాని ఖర్చు వందల్లోనే. నెల్లూరు నుంచి చెన్నైకి రైలు టికెట్టు, గిండీ దాకా లోకల్ రైలు, మధ్యాహ్నం భోజనం, తిరుగు ప్రయాణం అన్నీ కలిపినా ఈ మహానుభావుడి దొంగకార్డు కంటే తక్కువకే అవుతుంది. పొదుపు పేరుతో ఎక్కువ డబ్బు తీసుకుని, టీకా వేయకుండా, నేరంలో భాగస్వామిని కూడా చేసే పథకం మరొకటి నా సర్వీసులో చూడలేదు. ముందే చూసుకోవలసినది ఒకటుంది: టీకా వేసిన పదవ రోజు నుంచే పత్రం చెల్లుతుంది, కాబట్టి విమానం ఎక్కే ముందు వారంలో పరుగెత్తితే ప్రయోజనం లేదు. అరవై దాటినవారిలో టీకా వల్ల తీవ్రమైన ఇబ్బందులు అరుదుగానే అయినా కొంచెం ఎక్కువగా వస్తాయి కనుక, నా వయసువారి జంకును నేను తప్పుపట్టను. ఆ జంకును డాక్టరుకు చెప్పుకోవాలి గానీ ఏజెంటుకు కాదు. గుడ్డు పడనివారు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారు కూడా ముందు డాక్టరునే అడగాలి. మలేరియా మాత్రల సంగతి కూడా ఆ డాక్టరునే అప్పుడే అడిగేయవచ్చు, దానికి టీకా కార్డులాంటి తనిఖీ లేదు కాబట్టి చాలామంది మరిచిపోతారు.

ఎనిమిదవ రహస్యం దగ్గరకు వచ్చేసరికి నా కలం బాగా వేడెక్కి ఉంది. "సొంతంగా తిరగాలంటే దక్షిణాఫ్రికాలో క్రూగర్‌కు వెళ్ళండి, అద్దెకారు తీసుకుని మనమే నడుపుకోవచ్చు, సఫారీ సగం ఖర్చులో అయిపోతుంది" అని ఉంది. ఏనుగుల మధ్యకు మనమే కారు నడుపుకుంటూ పోవడమా అని చీల్చి చెండాడడానికి సిద్ధపడి, ముందు వివరాలు చూశాను. ఇది నిజం. విభజనకు ముందున్న మన ప్రకాశం జిల్లా కంటే పెద్దదైన ఆ ఉద్యానంలో తారు రోడ్లున్నాయి, మామూలు చిన్న కారు సరిపోతుంది, వేగం తారు రోడ్డు మీద యాభై, మట్టి రోడ్డు మీద నలభై కిలోమీటర్లు దాటకూడదు, నియమిత స్థలాల్లో తప్ప కారు దిగకూడదు, చీకటిపడేలోపు శిబిరానికి చేరాలి. అక్కడా మనలాగే ఎడమవైపు నడుపుతారు, ఇంగ్లీషులో ముద్రించిన మన లైసెన్సు చెల్లుతుంది. స్కుకూజా, సతారా వంటి ప్రభుత్వ శిబిరాల్లో వంటగదులున్న కుటీరాలు కూడా దొరుకుతాయి, కాబట్టి మా మరదలి గోంగూరకు అక్కడ నిజంగానే ప్రయోజనం ఉంది. విదేశీయులకు రోజు రుసుము ఆరు వందల రాండ్ల ప్రాంతంలో, అంటే మన డబ్బులో మూడు వేల పైచిలుకు. మారా జులై రుసుములో ఇది అయిదో వంతు కూడా కాదు. వీసా ముందే తెచ్చుకోవాలన్నది, మలేరియా అక్కడా ఉందన్నది రాసినాయన చెప్పలేదు. దక్షిణాఫ్రికా ఎల్లో ఫీవర్ దేశాల జాబితాలో లేదన్న మంచి మాట కూడా చెప్పలేదు.

ఆ ఎనిమిదవ వాక్యాన్ని మిగిలిన ఏడింటి నుంచి కత్తిరించి, వీసా మాట చేర్చి, మా వియ్యంకులకు నేనే ఫార్వర్డ్ చేశాను. పదిమందికి పంపమని మాత్రం రాయలేదు.