పది ప్రశ్నలు అడిగి "వీడికి బాగుపడాలని లేదు" అనకండి

ఆ మెసేజ్ మళ్ళీ వచ్చింది. పంపుతున్నవాళ్ళంతా మంచివాళ్ళే, అందుకే ఇంకా బాధ. చూడనివాళ్ళ కోసం సారాంశం: "మెదడుకు దెబ్బ తగిలినవాళ్ళు కోలుకోవడమంతా వాళ్ళ పట్టుదల మీదే ఉంటుంది. ఈ పది ప్రశ్నలు అడగండి. ఐదు మార్కులు రాకపోతే థెరపీకి పెట్టే డబ్బు దండగ. గట్టిగా మందలిస్తే దారికొస్తారు. ఆరు నెలలు దాటితే ఆశ వదులుకోండి. రోజూ అక్రోట్లు తినిపించండి."

అక్రోట్ల సంగతి వదిలేద్దాం. మెదడు ఆకారంలో ఉన్నంత మాత్రాన మెదడును బాగుచేయవు.

ఆరు నెలల గడువు కూడా తప్పే. మొదటి నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. నెమ్మదించడం ఆగిపోవడం కాదు.

అంతా పట్టుదలేనా? 2015లో అవర్ట్ అనే పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. స్ట్రోక్ వచ్చిన 2,104 మందిలో కొందరిని 24 గంటల్లోపే మంచం దింపి, మామూలు కంటే ఎక్కువసార్లు కదిలించారు. మూడు నెలల తర్వాత చూస్తే మామూలు వైద్యం అందినవాళ్ళే కొంచెం మెరుగ్గా ఉన్నారు. ఎంత గట్టిగా తోస్తే అంత మేలన్న లెక్క అక్కడే తప్పింది.

ఇక ఆ పది ప్రశ్నలు. "మీకు సమస్య ఉందని ఒప్పుకుంటారా?" అన్నది మొదటిది. ఎడమ చెయ్యి పడిపోయిన మనిషిని చెయ్యి ఎత్తమంటే, అది ఒళ్ళోంచి కదలకపోయినా "ఎత్తానుగా" అంటాడు. మొండితనంతోనో అబద్ధమాడాలనో కాదు, ఆ లోటు అతని ఎరుకలోకే రావడం లేదు. ఫ్రెంచి నరాల వైద్యుడు బాబిన్‌స్కీ 1914లోనే దీనికి అనొసొగ్నోసియా అని పేరు పెట్టాడు. గాయం వల్ల వచ్చిన లక్షణానికి మీరు మార్కులు కోస్తున్నారు! మాట పోయినవాళ్ళకైతే ప్రశ్నే అర్థం కాకపోవచ్చు. వాళ్ళకు సున్నా వేసేస్తారా?

కొలవడానికి పనిముట్లు లేక కాదు. మెదడు గాయం తర్వాత థెరపీ మీద ఆసక్తిని కొలిచే మాట్‌-క్యూ అనే ప్రశ్నావళి 1998లో వచ్చింది, అందులో 31 ప్రశ్నలున్నాయి. సమస్యను ఒప్పుకోవడం, ఆసక్తి, కోపం, నిపుణుల మీద భరోసా, నాలుగూ విడివిడిగా చూస్తారు. అపతీని, అంటే ఏ పనీ తనంతట తాను మొదలుపెట్టలేని స్థితిని, కొలవడానికి మారిన్ అనే మానసిక వైద్యుడు 1991లో చేసిన స్కేలుకు మూడు రూపాలు: రోగి చెప్పేది, దగ్గరివాళ్ళు చెప్పేది, డాక్టరు చూసేది. ముగ్గురి మాటా ఎందుకు కావాలో ఇప్పటికే అర్థమై ఉంటుంది. ఎక్కడ తేడా వస్తోందో చూసి సాయం మార్చడానికే ఆ స్కోర్లు, మనిషిని ఇంటికి పంపేయడానికి కాదు.

నన్ను నిద్రపోనివ్వనిది "మందలించండి" అన్న ముక్క. మెదడు ముందుభాగం దెబ్బతిన్న మనిషి బ్రష్షు చేతిలో పట్టుకుని అద్దం ముందు అలాగే నిలబడిపోతాడు. పళ్ళు తోముకోవడం మర్చిపోలేదు. మీరు చెయ్యి పట్టుకుని బ్రష్షు నోటిదాకా తీసుకెళ్తే మిగతాది తనే చేసుకుంటాడు. చేయలేనిది మొదలుపెట్టడం ఒక్కటే. ముందుమెదడు లోపలి భాగాలూ, వాటితో ముడిపడిన లోతైన కేంద్రాలూ చేయాల్సిన పని అది. దాన్ని అపతీ అంటారు. డిప్రెషన్ వేరు, అందులో దుఃఖం ఉంటుంది. ఇందులో చాలాసార్లు అది కూడా ఉండదు. "సోమరీ, మేమింత చేస్తుంటే నీకు చీమ కుట్టినట్టయినా లేదా" అని రోజూ తిడితే ఆ కేంద్రాలు మేలుకుంటాయా? కాలు విరిగినవాణ్ణి నడవలేదని తిట్టినట్టే ఇది. అతను నోరెత్తడు కాబట్టి తిట్టడం ఇంకా సులువు. తిట్టే బదులు పనిని చిన్న ముక్కలు చేయండి, మొదటి ముక్క మీరే అందించండి, వేళలు మార్చకండి.

ఒక్క విషయంలో మాత్రం ఆ మెసేజ్ రాసినవాళ్ళే కరెక్టు: ఆసక్తిని కొలవాల్సిందే. థెరపీలో మనసుపెట్టి పాల్గొనడం ఫలితాన్ని నిజంగా మారుస్తుంది. అయినా చాలాచోట్ల ఏ కొలతా లేకుండానే ఫైల్లో "సహకరించడం లేదు" అని రాసేస్తారు, ఆ ఒక్క వాక్యం రోగి వెంట ఏళ్ళ తరబడి తిరుగుతుంది. దానికంటే 2004లో వచ్చిన పిట్స్‌బర్గ్ స్కేలు నయం. ప్రతి సెషన్ తర్వాత రోగి ఎంత పాల్గొన్నాడో థెరపిస్టు ఆరు మెట్లలో గుర్తు వేస్తారు. పొద్దున ఐదు, సాయంత్రం రెండు పడుతుంటే అలసట అయి ఉండొచ్చు, సెషన్ పొద్దుటికి మార్చి చూడొచ్చు. మీవాళ్ళ థెరపిస్టును అడగాల్సింది ఇలాంటి నోట్సు గురించి.