తిరిగే స్పీకరును ఫోనులో వెతికే వాళ్లకు

అతిథులు వెళ్లి గంట దాటింది, గిన్నెలు కడగడం కూడా అయిపోయింది, అయినా మనసు కుదుటపడలేదు కాబట్టి పడుకోకుండా ఇది రాస్తున్నాను. అమెరికాలో, కొలంబస్‌లోని మా ఇంటి గరాజులో పదకొండు నెలలుగా, చెత్తలోకి పోవలసిన ఒక పాత ఆర్గన్ (హార్మోనియంలా మీటలతో వాయించే కరెంటు వాద్యం) విడిభాగాలతో నేను కట్టుకుంటూ వచ్చిన తిరిగే స్పీకరు పెట్టెను ఈ సాయంత్రం మొదటిసారి నలుగురి ముందు మోగించాను. వచ్చినవాళ్లలో ఒక తమ్ముడు, బాగా చదువుకున్నవాడు, అర నిమిషం నిలబడి విని, జేబులోంచి ఫోను తీసి, "ఎందుకన్నా ఇంత తంటా? ఇది యాప్‌లో ఉంది, ఒక్కసారి నొక్కితే వచ్చేస్తుంది. అయినా చిన్నప్పుడు టేబుల్ ఫ్యాను ముందు నోరు పెట్టి 'ఆ' అంటే వచ్చేది ఇదే కదా" అన్నాడు. అందరూ నవ్వారు. బిర్యానీ చల్లారిపోతోందని లోపలి నుంచి పిలుపు వస్తే వెళ్లిపోయారు. పెట్టెలో శబ్దాన్ని తిప్పే రోటరు ఇంకా తిరుగుతూనే ఉంది.

ముందు ఫ్యాను సంగతే చెబుతాను, ఎందుకంటే నన్ను ఎక్కువ నొప్పించిన మాట అదే. ఫ్యాను ముందు పాడే పిల్లవాడి నోరు ఉన్నచోటే ఉంటుంది. తిరిగే రెక్కలు ఆ గొంతును ముక్కలుగా తరిగి వెనక్కి పంపుతాయి. తిరిగే స్పీకరులో శబ్దం వెలువడే నోరే గుండ్రంగా ప్రయాణిస్తుంది. అది మనవైపు వస్తున్నప్పుడు స్వరం రవ్వంత హెచ్చుతుంది, దూరమవుతున్నప్పుడు రవ్వంత తగ్గుతుంది, మనకు ఎదురుగా నిలిచిన క్షణంలో శబ్దానికి పదును వస్తుంది, గోడవైపు తిరిగిన క్షణంలో ఆ గోడ తిప్పి పంపిన శబ్దం వేరొక శ్రుతిలో వచ్చి మొదటిదానితో కలుస్తుంది. ఇలాంటి పెట్టెల్లో పేరుమోసిన లెస్లీ 122లో పైన ఉండే కొమ్ము, అంటే శబ్దం వెలువడే బూరలాంటి గొట్టం, జోరు వేగంలో నిమిషానికి సుమారు 400 చుట్లు తిరుగుతుంది. కొమ్ము చివర ఇరుసుకు 20 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుని లెక్క కట్టండి: సెకనుకు ఎనిమిది మీటర్లు దాటుతుంది, అంటే శబ్ద వేగంతో పోల్చి చూస్తే స్వరం పైకీ కిందికీ దాదాపు రెండున్నర శాతం, ఒక స్వరస్థానంలో సగానికి కాస్త తక్కువగా, సెకనుకు ఆరేడుసార్లు ఊగుతుంది. కచేరీలు విన్న చెవికి స్వరాన్ని ఊపే కంపితం కొత్త కాదు, అయితే కంపితం పాడేవారి గొంతులోనో వీణ మెట్టు మీదనో పుడుతుంది, ఇక్కడ మాత్రం గది నాలుగు గోడలూ చేరితే తప్ప ఆ కదలిక పూర్తి కాదు.

ఈ తంటా పడిన మొదటి మనిషి నేను కాదు. డాన్ లెస్లీ అనే ఆయన లాస్ ఏంజెలెస్‌లో రేడియోలూ ఆర్గన్లూ బాగుచేసే పనిలో ఉండేవాడు. పెద్ద హాలులో విన్న హామండ్ కంపెనీ ఆర్గన్ నాదానికి ముచ్చటపడి 1937లో ఒకటి కొనుక్కున్నాడు. తీరా ఇంటి చిన్న గదిలో అది చప్పగా మోగింది. గొట్టాల ఆర్గన్‌లో ఒక్కో స్వరం ఒక్కో చోటునుంచి వస్తుంది, ఇక్కడ అన్నీ ఒకే చోటునుంచి వస్తున్నాయి, లోపం ఆర్గన్‌ది కాదు, స్పీకరుదే అని గ్రహించి, శబ్దాన్ని తిప్పడం మొదలుపెట్టాడు. తయారైన పెట్టెను హామండ్ కంపెనీకి చూపిస్తే వాళ్లు అక్కర్లేదన్నారు. అంతటితో ఊరుకోకుండా, తమ డీలర్లు ఆ పెట్టెలను అమ్మకుండా కట్టడి చేశారు కూడా. ఆయన 1941లో పాసడీనాలో సొంతంగా తయారీ మొదలుపెట్టాడు. ఆర్గన్ వాయించేవాళ్లు చెవితో విని తీర్పు చెప్పారు. హామండ్ పక్కన లెస్లీ లేకపోతే ఏదో వెలితి అనే స్థితి వచ్చింది. 1965లో సీబీఎస్ అనే అమెరికా ప్రసార సంస్థ లెస్లీ వ్యాపారాన్ని కొన్నది, 1980లో అదే సంస్థ నుంచి హామండ్ కంపెనీ కొనుక్కున్నది. అక్కర్లేదన్నవాళ్లే నలభై ఏళ్ల తరువాత డబ్బిచ్చి తెచ్చుకున్నారు. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఆయన మీద గౌరవమూ, వినకుండా కొట్టిపారేసేవాళ్ల మీద కోపమూ రెండూ పెరుగుతాయి.

నాకు దొరికిన ఆర్గన్ డేటన్ దగ్గర ఒక పెద్దావిడ ఇంట్లోది. 1960లు, 70లలో అమెరికా ఇళ్లలోకి వచ్చిన లౌరీ, థామస్, హామండ్ చిన్న ఆర్గన్లలో కొన్నింటికి లెస్లీ రోటరు లోపలే బిగించి ఉండేది, ఆవిడ భర్త ఆదివారాలు వాయించుకున్న ఆర్గన్ అలాంటిదే. ఆయన పోయాక నాలుగేళ్లు అలాగే ఉంచి, ఇల్లు అమ్మేస్తూ, "బుధవారం చెత్త బండి వస్తుంది, ఆలోగా తీసుకెళ్లు" అన్నది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. మీటలలో సగం పలకడం లేదు, పెట్టె అడుగు చెమ్మకు ఉబ్బిపోయింది, మిగతా ఆర్గన్‌ను నేను కాపాడలేకపోయాను, అది నాకు ఇప్పటికీ బాధే. స్పీకరూ, థర్మోకోల్ రోటరూ, రెండు మోటార్లూ, వాటిని పట్టి ఉంచే చెక్క బల్లా మాత్రం ఊడదీసి తెచ్చుకున్నాను.

ఈ రకంలో స్పీకరు కదలదు. అది కిందికి చూస్తూ ఉంటే, దాని కింద థర్మోకోల్ డ్రమ్ము ఒకటి బెల్టు మీద తిరుగుతుంది. డ్రమ్ముకు ఒక పక్క మాత్రమే నోరుంటుంది, లోపలి వాలు శబ్దాన్ని ఆ నోటివైపు మళ్లిస్తుంది. 122లో లాగా పైన కొమ్ము, కింద డ్రమ్ము విడివిడిగా తిరగవు, 800 హెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని హెచ్చు, తగ్గు స్వరాలుగా విడగొట్టే ఏర్పాటూ ఉండదు. అందుకని దీన్ని చిన్నచూపు చూసేవాళ్లూ ఉన్నారు గానీ, 1967లో ఫెండర్ కంపెనీ గిటారు కోసం తెచ్చిన వైబ్రాటోన్ పెట్టెలో ఉన్నది కూడా ఒక్క పది అంగుళాల స్పీకరూ, ఇలాంటి ఒక్క డ్రమ్మే. నా డ్రమ్ము అంచు ఒకచోట విరిగి ఉంది. మామూలు ఘాటైన జిగురు వేస్తే థర్మోకోల్ కరిగిపోతుంది కాబట్టి కర్ర అంటించే తెల్ల జిగురు పూసి, రెండు రోజులు ఆరనిచ్చి, అతికిన చోట బరువు పెరిగి డ్రమ్ము ఊగుతుంటే ఎదురు పక్కన చిన్న వాషర్లు ఒక్కొక్కటిగా అంటించుకుంటూ సమం చేయడానికి మూడు వారాంతాలు పట్టింది. రెండు మోటార్లలో ఒకటి మెల్ల వేగానికీ ఒకటి జోరు వేగానికీ. ఒకటి ఆగితేనే రెండోది అందుకోవాలి, రెండూ ఒకేసారి తిరిగే వీలు లేకుండా స్విచ్చు పెట్టాలి. యాభై ఏళ్ల నాటి రెండు పిన్నుల తీగను తీసేసి, భూమి తీగతో సహా మూడు పిన్నుల తీగ వేసి, ఫ్యూజు పెట్టాను. ఇలాంటి పనికి దిగేవాళ్లెవరైనా ఈ భాగాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు, పాత ఆంప్లిఫయరులో కెపాసిటర్లు ప్లగ్గు పీకిన తరువాత కూడా ప్రాణం తీసేంత విద్యుత్తును దాచుకుని ఉండగలవు.

దీన్ని ఎప్పటికైనా గుంటూరు తీసుకెళ్లి నాన్నగారికి వినిపించాలని నా కోరిక. అక్కడి 230 వోల్టులను ట్రాన్స్‌ఫార్మరుతో 120కి దించవచ్చు, కాని కరెంటు 50 హెర్ట్జ్‌ది. 60 హెర్ట్జ్‌కు తయారైన ఈ మోటార్లు అక్కడ ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతాయి. కప్పీ మార్చి ఆ తేడాను పూడ్చాలి, అందుకు కొలతలు కూడా రాసి పెట్టుకున్నాను.

ఇక యాప్ గురించి. రాత్రికో ఊరు తిరిగి వాయించే కళాకారుడు అరవై కిలోలు దాటే 122ను మోయలేక ఆ నాదాన్ని అనుకరించే చిన్న పెడల్ కాళ్ల కింద పెట్టుకుంటే నేను ఒక్క మాట అనను, అది వాళ్ల బతుకుతెరువు. నా కోపం, ఆ అనుకరణా అసలు పెట్టే రెండూ ఒకటే అనే మాట మీద. ఆ యాప్‌లు అనుకరించేది ఎక్కువగా పెట్టె ముందు రెండు మైకులు పెట్టి పట్టిన శబ్దాన్ని. ఆ మైకులు విన్నది అందులో ఉంటుంది, గరాజులో నిలబడిన మనిషి విన్నది ఉండదు. మీ వెనక ఉన్న తలుపు నుంచీ, పైకప్పు నుంచీ, పక్కన ఆగి ఉన్న కారు తలుపు నుంచీ వేర్వేరు క్షణాల్లో తిరిగొచ్చే శబ్దం ఫోను అడుగున ఉన్న ఆ చిన్న రంధ్రాల్లోంచి ఎలా వస్తుంది? మెల్ల వేగంనుంచి జోరుకు మార్చినప్పుడు డ్రమ్ము తన జడత్వాన్ని తోసుకుంటూ వేగం పుంజుకునే ఆ కొద్ది క్షణాలు ఉన్నాయే, ఆర్గన్ వాయించేవాళ్లు ఎడమచేయి స్విచ్చు మీద వేసి ఎదురుచూసేది వాటి కోసమే. వాళ్లు పాటలో ఊపిరి పీల్చుకునే చోటు అది. ఆ తమ్ముడు సరిగ్గా అక్కడే, నేను స్విచ్చు మీద చేయి వేసినప్పుడే, ఫోను తీశాడు.

నిజం చెప్పాలంటే నా కోపం అతని మీద కూడా కాదు, ఇది చాలా పాతది. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరంలో, విజయవాడలోని ఒక కాలేజీలో, డాప్లర్ ప్రభావం, అంటే శబ్దం చేసేది దగ్గరవుతుంటే స్వరం హెచ్చడం, దూరమవుతుంటే తగ్గడం, మాకు ఎనిమిది మార్కుల ప్రశ్న. శబ్ద జనకం చలనంలో ఉండి శ్రోత నిశ్చలంగా ఉన్నప్పుడు దృశ్య పౌనఃపున్యానికి, అంటే శ్రోతకు వినిపించే పౌనఃపున్యానికి, సమీకరణం రాబట్టడం నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవాణ్ణి. ఆ జవాబుకు ఉదాహరణగా రాసేది రైలు కూత. మా తరగతి గది కిటికీకి రెండు వందల గజాల దూరంలో రైలు పట్టాలు ఉండేవి. రోజుకు ఎన్నిసార్లో కూత పెట్టుకుంటూ బండ్లు వెళ్లేవి, ఆ కూత కిటికీ దాటగానే శ్రుతి జారేది, ఏడాది పొడవునా ఒక్కసారి కూడా "ఆగండి, వినండి, ఇదే అది" అని మాకు చెప్పినవాళ్లు లేరు. ఒకరోజు నేనే లేచి, సార్, ఇప్పుడు వెళ్లిన బండిలో వినపడింది అదేనా అని అడిగితే, అది పరీక్షలో రాదు, కూర్చో అన్నారు. బండ్ల చప్పుడు పాఠానికి అడ్డొస్తోందని మరుసటి వారం ఆ కిటికీ మూయించారు. ల్యాబులో అయితే పరికరం కన్నా రికార్డే ముఖ్యం. పై తరగతివాళ్ల రికార్డులోంచి రీడింగులు ఎత్తి రాసుకున్నవాళ్లకే మార్కులు, విప్పి చూద్దామన్నవాళ్లకు తిట్లు. ఆ తమ్ముడూ అలాంటి కాలేజీలోంచే వచ్చాడు, అదే సమీకరణాన్ని అతనూ రాసి ఎనిమిదికి ఎనిమిది తెచ్చుకునే ఉంటాడు. ఈ సాయంత్రం అది అతని కళ్లముందు నిమిషానికి మూడు వందల చుట్లు తిరుగుతుంటే గుర్తుపట్టలేకపోయాడు. ఇరవై ఆరేళ్ల క్రితం మూసిన కిటికీ నా గరాజులో కూడా మూసే ఉందనిపించింది, అందుకే నవ్వులో నవ్వు కలపలేకపోయాను.

వచ్చే శనివారం నాలుగింటి నుంచి గరాజు తలుపు తీసి ఉంటుంది. తమ్ముడూ, నువ్వు ఇది చదువుతావని తెలుసు, రా. ఫోను కారులో పెట్టి రా. పెట్టె ముందు నిలబడకు, వెనక మూల సైకిళ్ల దగ్గర, గోడకు ఆనుకుని నిలబడు. మెల్ల వేగంలో ఒక్క స్వరం పట్టి ఉంచుతాను, ఆ తరువాత జోరుకు మారుస్తాను. అది అందుకోవడానికి కాస్త సమయం పడుతుంది, అంతవరకు మాట్లాడకు.