జాడీ మోసినవాడి ప్యారిస్ యాత్ర

ఇవాళ ఒక జాడీకి జరిగిన అన్యాయం గురించి రాయాలి. పదిహేనేళ్లు దాటినా దాని తరఫున ఒక్కరూ నోరు విప్పలేదు కాబట్టి ఆ బాధ్యత నా నెత్తిన పడింది.

2010లో ‘ఫ్రమ్ ప్యారిస్ విత్ లవ్’ అని ఒక యాక్షన్ సినిమా వచ్చింది. దర్శకుడు పియెర్ మొరెల్, కథ లూక్ బెస్సాన్‌ది. పోస్టరు మీద ఇద్దరే ఉంటారు. గుండు, గడ్డంతో జాన్ ట్రవోల్టా, సూటు బూటుతో జొనాథన్ రీస్ మేయర్స్. సినిమాలో చాలాసేపు కొకైన్ నింపుకుని ప్యారిస్ వీధుల వెంట తిరిగిన పింగాణీ జాడీకి మాత్రం పోస్టరులో చోటు దక్కలేదు. మన ఇళ్లలో ఆవకాయ జాడీకి ఇంతకంటే మర్యాద ఉంటుంది. కనీసం మూతికి గుడ్డ కట్టి, అటక మీద దానికంటూ ఒక జాగా చూపిస్తాం.

సూటువాడి పేరు జేమ్స్ రీస్. ప్యారిస్‌లో అమెరికా రాయబారి దగ్గర సహాయకుడు. అయ్యగారి అపాయింట్‌మెంట్లు చూస్తాడు, ఖాళీ ఉంటే ఆయనతో చదరంగం ఆడతాడు, మధ్యమధ్య సీఐఏ కోసం కార్ల నంబరు ప్లేట్లు మార్చడం లాంటి చిల్లర పనులు చేస్తుంటాడు. ప్రమోషన్ కోసం చకోరపక్షిలా ఎదురుచూస్తున్న ఈ గుమాస్తాకు అసలైన గూఢచారితో పనిచేసే అవకాశం వస్తుంది. ఆ గూఢచారే ట్రవోల్టా వేసిన చార్లీ వాక్స్. రీస్ అతణ్ణి తీసుకురావడానికి విమానాశ్రయానికి వెళ్లేసరికే గొడవ మొదలై ఉంటుంది. కస్టమ్స్ వాళ్లు ఎనర్జీ డ్రింకు డబ్బాలు లోపలికి రానీయకుండా ఆపేస్తారు, అవి లేకుండా కదిలేది లేదని వాక్స్ భీష్మించుకుంటాడు. రీస్ వెళ్లి ఆ డబ్బాలకు దౌత్య తపాలా స్టిక్కర్లు, అంటే రాయబార కార్యాలయం సామాను, ఎవరూ విప్పి చూడకూడదనే స్టిక్కర్లు అంటిస్తాడు. అంతే, ఫ్రెంచి ప్రభుత్వం చేతులు కట్టుకుంటుంది. డబ్బాల్లో ఉన్నది తుపాకీ విడిభాగాలని కారెక్కాక తెలుస్తుంది.

ఇక్కడ నా సొంత బాధ ఒకటి చెప్పుకోనివ్వండి. మా పెద్దమ్మ విమానంలో కొడుకు దగ్గరికి వెళ్తూ చేతిసంచిలో ఆవకాయ సీసా పెట్టుకుంది. వంద మిల్లీలీటర్లు దాటిందని తనిఖీవాళ్లు తీసి పక్కన పెట్టేశారు. “నాయనా, నూనె పైకి తేలింది గానీ అందులో ముక్కలే ఎక్కువ” అని ఆమె ఎంత మొత్తుకున్నా వినలేదు. ఒక స్టిక్కరు దూరంలో ఆగిపోయింది ఆ సీసా. ఈ సినిమా చూశాక ఆమెకు ఫోన్ చేసి సంగతి చెప్పాను. “మరి ఆ స్టిక్కర్లు ఎక్కడ అమ్ముతారు?” అంది. అంత సూటి ప్రశ్న ఈ స్క్రీన్‌ప్లేలో ఏ పాత్రా వేయదు.

ఇక పొంతన కుదరని జంట సంగతి. ఈ తరహా సినిమాల సిద్ధాంతం మన పాతకాలపు పెళ్లి సంబంధాలదే. జాతకాలు కలవకపోయినా పరవాలేదు, కాపురం చేస్తే వాళ్లే సర్దుకుంటారని పెద్దలు నచ్చజెబుతారు. తీరా చూస్తే సర్దుకునేది ఎప్పుడూ ఒక్కరే. వాక్స్ దిగిన రోజు ఎలా ఉన్నాడో వెళ్లే రోజూ అలాగే ఉంటాడు, నోటికి అడ్డూ ఆపూ లేకుండా. రీస్ మాత్రం చదువు, సంస్కారం, చట్టమంటే భయం అన్నీ అత్తారింటి గుమ్మంలో వదిలేసి లోపలికి రావాలి. రీస్‌కున్న తెలివి వాక్స్‌కు ఒక్కసారి పనికొచ్చినా ఇది జంట కథ అయ్యేది. ఆ స్టిక్కర్లు మినహాయిస్తే రీస్ చేసింది జాడీ మోయడమే.

ఆ జాడీ చేతికెలా వచ్చిందంటే, వాక్స్ ఒక చైనీస్ హోటల్‌కు తీసుకెళ్లి భోజనం మధ్యలో కాల్పులు మొదలెడతాడు. పైకప్పుకు గురిపెట్టి పేలిస్తే కొకైన్ పిండిమర ఆడించినట్టు జలజలా రాలుతుంది. పక్కనున్న జాడీని రీస్ దాని కింద పట్టుకుంటాడు, వానాకాలం కారే ఇంట్లో మనం బిందె పట్టినట్టు. అక్కణ్ణుంచి అది అతని చంకనెక్కుతుంది. ఒకచోట మెట్ల దారిలో రీస్ పైకెక్కుతుంటాడు. పై అంతస్తుల్లో వాక్స్ తన పనిలో ఉంటాడు. మెట్ల మధ్య ఖాళీలోంచి మనుషులు ఒక్కొక్కరే టపటపా రాలిపడుతుంటారు. ఇతగాడు తొణక్కుండా బెణక్కుండా జాడీ పట్టుకుని ఇంకో మెట్టెక్కుతాడు. నిజం చెప్పొద్దూ, సినిమా మొత్తంలో నేను మనస్ఫూర్తిగా నవ్వింది అక్కడే. ఆఫీసులో పైవాళ్లు తగాదా పడుతుంటే కింది గుమాస్తా ఫైలు పట్టుకుని మెట్లెక్కడం ఎవరం చూడలేదు?

మరి ప్యారిస్? ఉంది. ఈఫిల్ టవరు ఉంది. 1889 నుంచి అక్కడే నిలబడి ఉంది కాబట్టి ఎవరు కెమెరా పెట్టినా పడుతుంది. లేనిది ప్యారిస్ జనం. ఎదురుకాల్పులు జరిగిన చోట పంచనామా రాసే నాథుడు ఒక్కడుండడు. వాక్స్ నడిరోడ్డు మీద కారులో కూర్చుని రాకెట్ లాంచరు ఎత్తుతాడు. ఆ రోడ్డుకు కనీసం టోలు వసూలు చేసేవాడు కూడా అడ్డం రాడు. చైనావాళ్లంటే మత్తుమందు ముఠా, పాకిస్తానీలంటే బాంబుల బ్యాచి. ఇంకెంతమంది ఉన్నారని రీస్ కంగారుగా అడిగితే వాక్స్ చైనా మొత్తం జనాభా లెక్క చెబుతాడు. అది హాస్యమట. మన సినిమాలవాళ్లు స్విట్జర్లాండ్ మంచులో నాలుగు నిమిషాలు పాడుకుని వచ్చేస్తారు గానీ, అక్కడివాళ్ల జోలికి పోరు. ఆ మాత్రం పరువు మనకు దక్కాలి.

ప్యారిస్ జనం ఈ సినిమాలోకి నిజంగా వచ్చింది ఒక్కసారే, అదీ తెర వెనక. 2008 అక్టోబరులో నగర శివారు మోంఫెర్మేలో చిత్రీకరణకు సిద్ధమవుతుంటే, అందుకోసం తెచ్చిపెట్టిన కార్లను ఎవరో రాత్రికి రాత్రి తగలబెట్టారు. యూనిట్ మూటాముల్లె సర్దుకుని వేరే చోటు వెతుక్కుంది. ఆ ఊరికి సాహిత్యంలో పాత పేరుంది. ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో ‘లే మిజరాబ్ల్’ నవలలో చిన్నపిల్ల కోజెట్ తన బలానికి మించిన నీళ్ల బాల్చీ మోసేది అక్కడే. చీకట్లో వెనకనుంచి ఒక పెద్దమనిషి వచ్చి, మాటైనా చెప్పకుండా ఆ బాల్చీ అందుకుంటాడు. రీస్ కూడా ఆ దారినే పోయి ఉంటే జాడీ అందుకునేవాడు దొరికేవాడేమో. కార్లు కాలిపోవడంతో ఆ యోగమూ తప్పింది.

వాక్స్ ఒకచోట రాయల్ విత్ చీజ్ బర్గరు తింటాడు. 1994లో ఇదే ట్రవోల్టా ‘పల్ప్ ఫిక్షన్’ అనే ఇంకో సినిమాలో దాని గురించి మాట్లాడి ఈలలు వేయించుకున్నాడు కాబట్టి ఇక్కడ అదే బర్గరు తింటూ కనిపిస్తే మళ్లీ వేస్తామని ఆశ. చద్దన్నం మంచిదే గానీ పదహారేళ్లదైతే కొంచెం ఆలోచించాలి.

కాబోయే భార్య కరొలిన్ సంగతి ఇక్కడ బయటపెట్టేస్తున్నాను, సినిమా పాతదే కదా. ఉంగరం ఇచ్చి పెళ్లి ప్రస్తావన తెచ్చిన ఆ పిల్లే చివరికి ఒంటికి బాంబు కట్టుకొస్తుంది. రీస్ చేతులారా కాల్చేస్తాడు. నిజానికి జాతకాలు చూడాల్సిన సంబంధం అదీ. ఆమె ఎందుకలా మారిందో చెప్పడానికి తొంభై రెండు నిమిషాల్లో తీరిక దొరకలేదు. మెట్ల మీంచి జనాన్ని పడేయడానికే సరిపోయింది. సుమారు 52 మిలియన్ డాలర్లు పెట్టి తీస్తే ప్రపంచమంతా కలిపి దాదాపు అంతే వచ్చింది. చెల్లుకు చెల్లు.

ఆఖరున రీస్ వాక్స్‌తో చదరంగానికి కూర్చుంటాడు. ఈసారి గుమాస్తా దగ్గరా ఒక తుపాకీ ఉంది, గురువుగారు మెచ్చుకునేంత పెద్దది. ప్రమోషన్ వచ్చినట్టే. రేపు పొద్దున పదింటికి రాయబారిగారి గుమ్మంలో ఎవరెవరు కూర్చుని ఎదురుచూస్తుంటారో మాత్రం ఎవరికీ గుర్తులేదు.