అద్దె సర్ఫ్ బోర్డు గారికి, ఉభయకుశలోపరి

విశాఖపట్నం రుషికొండ బీచ్‌లో, షెడ్డు గోడకి ఆనుకొని విశ్రాంతి తీసుకుంటున్న నీలం రంగు ఫోమ్ బోర్డు గారికి,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఇక్కడ నేను క్షేమమని రాయడం ఆచారం కాబట్టి రాస్తున్నాను. నిజానికి జడ వేసుకుందామంటే చేతులు పైకి లేవడం లేదు. పక్కటెముకల దగ్గర చర్మం దోక్కుపోయింది. ఎడమ చెవిలో ఇంకా కాస్త బంగాళాఖాతం మిగిలి ఉంది, తల వంచినప్పుడల్లా గుడగుడమంటోంది. మీరు మాత్రం నిక్షేపంగా ఉండి ఉంటారు. తొమ్మిది అడుగుల నిలువు, లోపలంతా థర్మాకోల్ జాతి సరుకు, పైన మెత్తటి తొడుగు, అడుగున నున్నటి ప్లాస్టిక్. మీకేం అవుతుంది? బోర్డు మీద నిలబడి అలల మీద జారడం కొత్తగా నేర్చుకునేవాళ్ళకి దెబ్బలు తగలకూడదనే మిమ్మల్ని ఇంత మెత్తగా చేశారట. ఆ మెత్తదనం ఎలాంటిదో నా గడ్డాన్ని అడగండి, చెబుతుంది.

హైదరాబాద్‌లో నాకు కాస్త మర్యాద ఉందండి. గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడతాడు. ఆఫీసులో నేను "ఒక చిన్న సందేహం" అన్నానంటే మీటింగులో అందరికీ టెన్షన్. నలభై దాటిన మనిషికి ఇదొక సుఖం. రాని పనుల జోలికి పోకుండా, వచ్చిన నాలుగు పనులే తిప్పి తిప్పి చేస్తూ, అన్నీ వచ్చినట్టు తిరిగేయొచ్చు. డ్యాన్స్ రాకపోతే పెళ్ళిలో భోజనాల ఏర్పాట్లు చూస్తున్నట్టు నటించొచ్చు. ఈత సరిగ్గా రాకపోతే రిసార్టులో పిల్లల తువాళ్ళకి కాపలా కూర్చోవచ్చు. ఇన్నేళ్ళు కష్టపడి కట్టుకున్న ఈ ఏర్పాటుని మీరు అరక్షణంలో కుడివైపుకి ఒరిగి కూల్చేశారు. నా హోదా ఏమిటో కనీసం కనుక్కోలేదు.

పైగా నేను మీ విశాఖ ఆడపడుచుని. బీచ్ అంటే మాకు మురీ మిక్చర్, కాల్చిన మొక్కజొన్న పొత్తు, మడమల దాకా తడవడం. అంతకు మించి ఒక్క అడుగు వేస్తే ఇంటిల్లిపాదీ వెనక నుంచి కేకలు. ఆ కేకల్లో అన్యాయం ఏమీ లేదు. ఆర్కే బీచ్ ఎంతమందిని మింగిందో ఊళ్ళో అందరికీ తెలుసు. కాకపోతే ఎందుకు మింగుతుందో మాకెవరూ చెప్పలేదు. అలలు ఒడ్డుకి తోసిన నీళ్ళన్నీ ఒక సన్నటి దారి చూసుకొని వడిగా వెనక్కి పోతాయట, దాన్నే రిప్ కరెంట్ అంటారు. అక్కడ అలలు అంతగా విరగవు కాబట్టి, తెలియనివాళ్ళు ఇదే నెమ్మదైన చోటు అనుకొని సరిగ్గా అక్కడే దిగుతారు. అందులో చిక్కితే ఒడ్డుకి ఎదురీదకూడదు, తీరం వెంబడి పక్కకి ఈది బయటపడాలి. ఇది మాకు స్కూల్లో చెప్పాల్సిన సంగతి. డబ్బులు కట్టి, ఇసుకలో బోర్లా పడుకున్నాక చెప్పారు.

అమ్మ మాట వేరు. పొద్దున్నే తడి బట్టలతో ఇంటికి వెళ్తే, "కార్తీకమాసం కూడా కాదు కదే, ఈ మునకలేమిటి? పుణ్యం కోసం చేస్తే అర్థముంది, డబ్బులిచ్చి దెబ్బలు తినడమేమిటి?" అంది. దీనికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. మీ దగ్గర ఉంటే రాయగలరు.

మీ దగ్గరికి నేను ఊరికే రాలేదని మనవి. పొడుగు చేతుల చొక్కా కొన్నాను. ఎండకి కమలకుండా ముక్కుకి రాసుకునే తెల్ల జింక్ కొన్నాను. ఫోన్లో అలల యాప్ పెట్టుకున్నాను. హాల్లో సోఫా జరిపి, యోగా మ్యాట్ పరిచి, వీడియోలు చూస్తూ పడుకొని లేవడం సాధన చేశాను. కింద ఫ్లాట్ ఆయన అపార్ట్‌మెంట్ గ్రూపులో, "రాత్రి పదింటికి పైన ఎవరండీ రోలు దొర్లిస్తున్నది?" అని అడిగారు. మ్యాట్ మీద నేను అద్భుతంగా లేస్తానండి. మ్యాట్ కదలదు, అది దాని సంస్కారం.

ఇక అలల సంగతి. మన దేశానికంతటికీ సముద్రం కబుర్లు చెప్పే ఇన్‌కాయిస్ అనే ప్రభుత్వ సంస్థ ఎక్కడుందో మీకు తెలుసా? హైదరాబాద్ ప్రగతినగర్‌లో. సునామీ హెచ్చరికల కేంద్రం కూడా 2007 నుంచి అక్కడే. కనుచూపు మేరలో ఉప్పునీటి చుక్క లేని చోట కూర్చొని, అల ఎంత ఎత్తు, ఎటు నుంచి వస్తోంది, అలకీ అలకీ మధ్య ఎన్ని సెకన్లు అని వాళ్ళు లెక్కకట్టి చెబుతారు. హైదరాబాద్‌లో ఉంటే చాలు, సముద్రం అర్థమైపోతుందన్న ధైర్యం నాకు అక్కడే వచ్చింది.

ఆ లెక్కల ప్రకారం మనం చూసే నున్నటి పొడుగు అలల్లో చాలావాటికి పుట్టిల్లు అంటార్కిటికా చుట్టూ గాలులు హోరెత్తే దక్షిణ సముద్రం. అక్కడ తుపాను రేపిన అల రోజుల తరబడి వేల కిలోమీటర్లు వస్తుంది. నీళ్ళు రావు, శక్తి మాత్రమే వస్తుంది. ఒడ్డు దగ్గరయ్యేసరికి అడుగు నెమ్మదిస్తుంది, తల ముందుకి తూలుతుంది. లోతు అల ఎత్తుకి సుమారు 1.3 రెట్లకి తగ్గేసరికి విరిగి నురుగైపోతుంది. అంత దూరం నుంచి అంత శాస్త్రోక్తంగా వచ్చిన అల చివరికి చేసిందేమిటి? నడుం లోతు నీళ్ళలో నా టోపీ ఊడగొట్టి, నన్ను పెనం మీద అట్టులా తిరగేసి, ఒడ్డున కూర్చున్న కాలేజీ పిల్లలకి వీడియో దొరికేలా చేసింది.

మీతో నా అసలు పేచీ లేచి నిలబడే దగ్గర. దీన్ని పాప్-అప్ అంటారని మీకు వేరే చెప్పక్కర్లేదు. ముందు బోర్లా పడుకోవాలి. ఒక జానెడు ముందుకి పడుకుంటే మీ ముక్కు నీళ్ళలో దిగబడుతుంది, నేను మీ మీంచి పల్టీ కొడతాను. జానెడు వెనక్కి పడుకుంటే మీ ముక్కు ఆకాశానికి లేస్తుంది, అల మన కింద నుంచి జారుకొని మనల్ని పలకరించకుండా వెళ్ళిపోతుంది. సరైన చోటు దొరికిందే అనుకుందాం. ఛాతీ ఎత్తి, నడుం విల్లులా వంచి, రెండు చేతులతో నీళ్ళు తోడాలి. వెనక అల తోసినట్టు తెలియగానే అరచేతులు పక్కటెముకల దగ్గర ఆనించి, ఒక్క ఊపులో రెండు కాళ్ళూ ఒంటి కిందికి లాక్కోవాలి. ముందు పాదం మధ్యలో పడాలి, మోకాళ్ళు వంగాలి, చూపు ఒడ్డు మీద ఉండాలి. ఇదంతా కళ్ళు మూసి తెరిచేలోగా జరగాలి. నేను ఆ సమయంలో కుడి మోకాలు ముందా, ఎడమ మోకాలు ముందా అని ఆలోచిస్తూ ఉంటాను. ఆఫీసులో అయితే దీనికి ఒక కమిటీ వేస్తాం.

ఏ కాలు ముందుండాలో తేల్చడానికి మా కోచ్ కుర్రాడు నన్ను చెప్పకుండా వెనక నుంచి ఒక్క తోపు తోశాడు. పడబోతూ ఏ కాలు ముందుకి వేస్తే అదే మీ ముందు కాలు అన్నాడు. ఎడమది అయితే రెగ్యులర్, కుడిది అయితే గూఫీ. నాకు రెండు మోకాళ్ళూ ఒకేసారి ఇసుకలో పడ్డాయి. దానికి పేరు లేదట.

అతనికి ఇరవై కూడా నిండలేదు. పక్కనే ఉన్న మత్స్యకారుల పల్లె. "కిందకి సూడకండి మేడం. ఎటు సూస్తే అటే ఎల్తారు," అని పొద్దున్నుంచీ ఒకే మాట, ఒకే గొంతుతో, విసుగు లేకుండా చెప్పాడు. నేను మీ వైపు చూశాను, మీ మీదే పడ్డాను. ఇంతమందికి తలా తోకా చెప్పే ఉద్యోగం చేస్తూ నేను ఇంత స్పష్టమైన మాట ఒక్కటీ చెప్పి ఎరగను. అతని తాతలు నాలుగు దుంగలు కలిపి కట్టిన తెప్ప మీద ఇదే అలలు దాటి వేటకి వెళ్ళి, ఇవే అలల మీద ఒడ్డుకి వచ్చేవారు. వాళ్ళనెవరూ ఫోటో తీయలేదు. ఇప్పుడు ఫైబర్ పడవలూ మోటార్లూ వచ్చాయి. మాలాంటివాళ్ళం హైదరాబాద్ నుంచి దిగి, వాళ్ళ మనవడికి ఓషన్ కనెక్ట్ అంటే ఏమిటో వివరిస్తున్నాం.

మీ వంశం గురించి కూడా విచారించాను, తప్పుగా అనుకోకండి. హవాయి దీవుల్లో మీ పూర్వీకులు రాజవంశం వారు. ఓలో అనే పొడుగు బోర్డులు పెద్ద దొరలకే చెల్లేవట, కొన్ని 16 అడుగుల పైమాటే. జనానికి పొట్టి అలాయా. 1885లో ముగ్గురు హవాయి రాకుమారులు కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్‌లో అలల మీద తేలితే అక్కడివాళ్ళు నోళ్ళు తెరిచారు. 1912 ఒలింపిక్స్‌లో ఈతలో బంగారు పతకం కొట్టిన హవాయి మనిషి డ్యూక్ కహనమోకు, 1914 చివర్లో సిడ్నీ వెళ్ళినప్పుడు, అక్కడ దొరికిన కలపతో బోర్డు స్వయంగా చెక్కుకొని మరీ ఆడి చూపించాడు. అంతటి ఇంట పుట్టిన మీరు చివరికి గంటకింత చొప్పున నాకు దొరికారు. మీ బాధ నాకు తెలుసు. అందుకే కోపమొచ్చినా గట్టిగా అనలేకపోతున్నాను.

కాలికి కట్టే ఆ తాడు మాట ఎత్తకుండా ఉండలేను. వెల్క్రో పట్టీ, వెనక కాలి చీలమండకి. అది లేని రోజుల్లో బోర్డు చేజారితే దానికోసం ఈదుకుంటూ పోవాల్సి వచ్చేదట. 1970ల మొదట్లో కాలిఫోర్నియా సర్ఫర్ పాట్ ఓనీల్ ఈ తాడు పద్ధతి తెచ్చాడు, సాగే రబ్బరు గొట్టంతో. అది సాగి వెనక్కి కొట్టి వాళ్ళ నాన్న జాక్ ఓనీల్‌కి ఎడమ కన్ను పోయింది. అయినా లోకం ఆ తాడుని వదల్లేదు. నేను పడిన ప్రతిసారీ మీరు నా కాలు పట్టుకొని రెండు గజాలు లాక్కెళ్ళి, అప్పుడు ఆగి, నా వైపు తిరిగి నిలబడతారు. "అలకీ మీకూ మధ్య బోర్డు ఉండకూడదు" అని మొదటి పాఠంలోనే చెప్పారు. మీకు ఆ పాఠం ఎవరూ చెప్పినట్టు లేదు.

మా బ్యాచ్‌లో ఒక బట్టతల సారు ఉన్నారు, గుర్తున్నారా? ఒడ్డున మిమ్మల్ని నిలబెట్టి, మీ భుజం మీద చెయ్యి వేసి, దూరంగా క్షితిజం వైపు చూస్తూ ఫోటో దిగారు. నీళ్ళలోకి దిగింది ఆ తర్వాత. ఆ సాయంత్రమే ఆయన లింక్డిన్‌లో "సర్ఫింగ్ నాకు నేర్పిన ఏడు నాయకత్వ పాఠాలు" పెట్టారు. నేను చూసినంతలో ఆయన నేర్చుకున్నది ఉప్పునీళ్ళు ముక్కులోంచి ఎలా చీదాలో ఒక్కటే. పోస్టుకి నేనూ లైక్ కొట్టాను, మా వెండర్ కాబట్టి.

ఇంకొకరు, ఎనిమిదేళ్ళ పాప. రెండు పాలపళ్ళు ఊడి ఉన్నాయి. ఏ యాప్ చూడలేదు, ఏ చొక్కా కొనలేదు. అల వచ్చింది, లేచింది, ఒడ్డుదాకా వచ్చింది, దిగి బిస్కెట్ అడిగింది. దగ్గర్లో పెద్దవాళ్ళం నలుగురం ఉన్నాం, ఒక్కరం చప్పట్లు కొట్టలేదు.

నేనూ నిలబడ్డానని ఇందుమూలంగా రికార్డు చేస్తున్నాను. విరిగిన అల తెల్ల నురుగులో, ఒళ్ళు సగం వంచి, చేతులు రెండూ దొంగ దొరికిపోయినట్టు పైకెత్తి. ఎంతసేపో అడక్కండి. కోచ్ కుర్రాడు "ఆ! అదీ!" అని అరిచాడు, కాబట్టి సాక్ష్యం ఉంది. బట్టతల సారు అప్పుడు ఇటు చూడలేదు, అది నా ఖర్మ.

వచ్చేసారి నాకు ఎనిమిది అడుగుల పసుపు రంగు వారిని ఇస్తామన్నారు. వారు ఇంకా తొందరగా తిరుగుతారట, అంటే ఇంకా తొందరగా దింపేస్తారని అర్థం చేసుకున్నాను. మీరే కావాలని గట్టిగా చెప్పి, పేరు రాయించుకొని వచ్చాను. కొట్టేవారు ఎటు నుంచి కొడతారో తెలిసి ఉండటం నయం.

ఇట్లు,
మీ వెనక కట్టిన తాడుకి అవతలి కొసన ఉన్న
రాబోయే శనివారం ఏడు గంటల బ్యాచ్ మనిషి

తా.క.: మీ అడుగున కుడివైపు ఉండే ఫిన్, అదే చేపరెక్క లాంటిది, అరిగిందని డిపాజిట్‌లోంచి కోత పెట్టారు. ఒడ్డు ఇసుక తగిలేదాకా దిగకుండా ఆగింది నేను కాదు, ఫోటో సారు. మీరు ఒక్క మాట చెబితే నా డబ్బులు నాకు వస్తాయి.