పడక కుర్చీకి పరుగు నేర్పుట

కూర్చున్నవాడి భాగ్యం కూర్చునే ఉంటుందనీ, పడుకున్నవాడి భాగ్యం పడుకునే ఉంటుందనీ, నడిచేవాడి భాగ్యం మాత్రమే నడుస్తుందనీ చరైవేతి మంత్రం చెబుతుంది. పడుకునే ప్రయాణం చేసేవాడి భాగ్యం ఏమవుతుందో మన ఋషులు చెప్పలేదు. అందుకు వారిని తప్పుపట్టనవసరం లేదు. వారి కాలానికి రికంబెంట్ సైకిల్ రాలేదు. వచ్చిన తరువాత కూడా ఈ ప్రశ్నను గంభీరంగా పరిశీలించినవారు మనలో కనబడకపోవడం వల్ల, ఒక సాధారణ గృహస్థు సొంత ఖర్చుతో ఆ లోటును పూరించవలసి వచ్చింది. ఈ వ్యాసం ఆ ఖర్చుకు లెక్క అప్పగించడం.

ఎరగనివారి కోసం ముందుగా వస్తువర్ణన. భోజనం చేసి వసారాలో పడక కుర్చీలో వాలిన పెద్దమనిషిని, మెలకువ రాకుండా కుర్చీతో సహా ఎత్తి రెండు చక్రాల మీద దించి, చాపిన కాళ్ళకు అందేటట్టు ముందువైపు పెడళ్ళు అమర్చితే తయారయ్యేదే రికంబెంట్. ఇందులో స్థూలంగా రెండు శాఖలున్నాయి. వేగశాఖలో మనిషి శేషశాయిలా వెల్లకిలా వాలతాడు, పెడళ్ళు సీటుతో సమంగానో అంతకన్నా ఎత్తులోనో ఉంటాయి. సుఖశాఖలో సీటు వెడల్పుగా, మెత్తగా ఉంటుంది. వీపు దాదాపు నిటారుగా నిలుస్తుంది. పెడళ్ళు సీటుకన్నా కిందుగా ఉంటాయి. ఆగినప్పుడు రెండు పాదాలూ హాయిగా నేలకు ఆనతాయి. నడుము డిస్కు ఒకటి పక్కకు జరిగిందని, ఇకమీద వంగి సైకిల్ తొక్కవద్దని డాక్టరు చెప్పిన మీదట నేను కొన్నది ఈ రెండో శాఖకు చెందినది. ముందు చక్రం 16 అంగుళాలు, వెనుకది 20 అంగుళాలు, బరువు 16 కిలోలు. గొలుసు మాత్రం ఆదిశేషుడి వారసత్వం: మామూలు సైకిల్ గొలుసులు రెండింటిని కలిపినా ఇంకా కొంత అతుకు వేయవలసినంత పొడవు.

డాలస్ నగరంలో వైట్ రాక్ చెరువు చుట్టూ సుమారు 15 కిలోమీటర్ల బాట ఒకటి ఉంది. మొదటి మూడు వారాలు ఆ బాట మీద నేను అనుభవించిన సుఖాన్ని మాటల్లో పెట్టడం కష్టం. మెడ నొప్పి లేదు, మణికట్టు తిమ్మిరి లేదు, కూర్చునే చోట మంట లేదు. వంగిన సైకిళ్ళవాళ్ళకు ముందు చక్రం కనబడుతుంటే నాకు ఆకాశమూ, కొంగలూ కనబడేవి. నాలుగో వారం శనివారం ఉదయం, మన తెలుగాయన ఒకరు మామూలు సైకిల్ మీద వెనుకనుంచి వచ్చారు. చెవిలో ఫోను పెట్టుకుని షాద్‌నగర్‌లో గజం ఎంత పలుకుతున్నదో బేరమాడుతున్నారు. బేరం ఆపకుండానే నన్ను దాటుతూ, "ఏం సార్, రిలాక్స్ అవుతున్నారా?" అని పలకరించి వెళ్ళిపోయారు. ఆయన మాటలో ఎగతాళి లేదని నేను ప్రమాణం చేయగలను. ఉంటే ఇంత నష్టం జరిగేది కాదు.

ఇంటికి వచ్చి చరిత్ర తిరగేశాను. పడుకున్నవాడు ఓడిపోవాలని శాసనమేమీ లేదని తేలింది. 1933 జూలైలో పారిస్‌లోని సైకిల్ పందేల ట్రాక్ మీద, షార్ల్ మొషే తయారుచేసిన ఇటువంటి సైకిల్ మీద వాలి, ఫ్రాన్సిస్ ఫోర్ అనే పందెగాడు ఒక గంటలో 45.055 కిలోమీటర్లు వెళ్ళాడు. 1914 నుంచి ఎవరికీ లొంగని ఆస్కర్ ఎగ్ రికార్డు 44.247. ఈ ఫోర్ పెద్ద పేరున్న పందెగాడు కాడు, రెండో వరుసవాడు. సభ్యసమాజానికి ఇదే మింగుడుపడలేదు. దశాబ్దాల తరబడి వంగి, చెమటోడ్చి, ముఖం వికారంగా పెట్టుకుని తొక్కినవారిని ఒకడు వెనక్కి వాలి ఓడించడం ఏ వృత్తిలోనైనా అమర్యాదే. అందువల్ల 1934లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఆలోచించి, సైకిల్ అంటే ఏమిటో కొత్తగా నిర్వచించి, ఈ వాహనం ఆ నిర్వచనంలో ఇమడకుండా జాగ్రత్తపడింది. పరీక్షలో పొరుగువాడి అబ్బాయికి మొదటి ర్యాంకు వస్తే సిలబస్ మార్చడం మనకు కొత్త కాదు కనుక ఆ పెద్దలను నేను అర్థం చేసుకోగలను. అయినా విద్య ఆగలేదు. 2016లో నెవాడాలోని బ్యాటిల్ మౌంటెన్ దగ్గర టాడ్ రైకర్ట్ అనే ఆయన, పూర్తిగా మూసిన గుడ్డులాంటి తొడుగులో పడుకుని, మోటారు లేకుండా కాళ్ళతో గంటకు 144.17 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. నా సగటు వేగం అప్పటికి 18.5.

ఈ అంతరానికి కారణం సోమరితనమని అనుకునేవారు పొరబడుతున్నారు. నా సైకిల్ చాలినంత సోమరిగా లేకపోవడమే అసలు కారణం. చదును నేల మీద వేగం పెరిగేకొద్దీ తొక్కేవాడి ప్రధాన శత్రువు గాలి, గాలి ఆదాయపు పన్ను శాఖవలె శ్లాబులు పెట్టి వసూలు చేస్తుంది. వేగాన్ని 20 నుంచి 25కు పెంచాలంటే గాలికి చెల్లించే శక్తి పావువంతు పెరిగితే చాలదు, దాదాపు రెట్టింపు కావాలి. ఎందుకంటే ఆ శక్తి వేగపు ఘనాన్ని అనుసరిస్తుంది. ఎంత వాలితే గాలికి అంత తక్కువ కనబడతాం, ఎంత తక్కువ కనబడితే అంత తక్కువ పన్ను. సుఖశాఖ సైకిల్ మీద మనిషి దర్బారులో కూర్చున్నట్టు రొమ్ము విరుచుకుని కూర్చుంటాడు. దానికి తగ్గ సుంకం చెల్లిస్తాడు. మనిషి విశ్రాంతికి ఎంత దగ్గరైతే వేగానికి అంత దగ్గరవుతాడన్న ఈ సత్యం, మన జాతి స్వభావానికి ఇంత అనుకూలమై ఉండి కూడా, మన పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కకపోవడం విచారకరం.

ఇంజను సంగతి కూడా దాచకుండా చెప్పాలి. నేను గంట సేపు నిలకడగా ఇవ్వగలిగింది సుమారు 90 వాట్లు. మా వంటింట్లో మిక్సీ మీద 750 అని రాసి ఉంది. అంటే కొబ్బరి పచ్చడి రుబ్బడానికైనా చాలని యంత్రాన్ని సైకిల్‌కు కట్టి, చారణా కోడికి బారణా మసాలా అన్నట్టు, మిగతా అన్ని భాగాలనూ మెరుగుపరచాలని సంకల్పించాను. ఇంజనును మెరుగుపరచడం డబ్బుతో అయ్యే పని కాదు కనుక ఆ అంశాన్ని పరిశీలనకు తీసుకోలేదు.

తొలి ఖర్చు ముందు పళ్ళచక్రం మీద. ఉన్నది 42 పళ్ళది. వెనుక అతి చిన్న చక్రం 11 పళ్ళది, వెనుక టైరు ఒక చుట్టుకు మీటరున్నర నడుస్తుంది. నిమిషానికి 80 చుట్లు తొక్కితే ఈ అమరికలోనే 27 కిలోమీటర్లకు పైగా వెళ్ళవచ్చు. నేను ఏనాడూ ఆ గేరు దాకా పోలేదు. అయినా 52 పళ్ళది బిగించాను, ఇప్పుడు అదే తొక్కుడుకు 34 వెళ్ళగల అర్హత నా సైకిల్‌కు వచ్చింది. అర్హతకూ ఉద్యోగానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో నిరుద్యోగ పట్టభద్రులకు వేరే చెప్పనక్కరలేదు. చెరువు ఆనకట్ట దగ్గరి చిన్న ఎత్తు మాత్రం అప్పటినుంచి కొండగా మారింది. మామూలు సైకిల్‌వాడు ఎత్తు వస్తే లేచి నిలబడి ఒళ్ళంతా వేసి తొక్కుతాడు. పడక కుర్చీలో ఉన్నవాడు లేచి నిలబడితే దాన్ని తొక్కడం అనరు, దిగడం అంటారు.

తరువాత బరువు మీద దృష్టి పెట్టాను. స్టాండు, మడ్‌గార్డులు, వెనుక క్యారియర్ ఊడదీస్తే మొత్తం ఒక కిలో తగ్గింది. నేనూ సైకిలూ కలిసి సరిగ్గా 100 కిలోలం కనుక ఇది నూటికి ఒకటి, చదును నేల మీద లెక్కకు రాదు. అందులో సగాన్ని ఆదివారం ఉదయం పెసరట్టు ఉప్మా తిరిగి భర్తీ చేసింది. స్టాండు లేని రికంబెంట్‌ను చెట్టుకు ఆనించడం మాత్రం ఒక కళ. అది ఏ చెట్టుకూ సవ్యంగా ఆనదు, పడిపోయే ముందు యజమాని నీళ్ళ సీసా మూత తీసేవరకు ఓపిక పడుతుంది.

న్యాయంగా మాట్లాడాలంటే టైర్ల విషయంలో నేను వెటకారం చేయలేను. సుఖశాఖ టైర్లు లావుగా, మెత్తగా, గాడులతో ఉంటాయి. చక్రం చిన్నదైనప్పుడు నేలతో రాపిడి నష్టం ఇంకా ఎక్కువ. వాటి స్థానంలో 100 పీఎస్ఐ గాలి ఒత్తిడి పట్టే నున్నని పలుచని టైర్లు వేయగానే, నా లెక్క ప్రకారం, నా వేగం దగ్గర 15 వాట్లు మిగిలాయి. నా ఉత్పత్తిలో ఆరోవంతు. ఇంత మొత్తం ఇంకే ఖర్చూ తెచ్చిపెట్టలేదు. ఇక్కడితో ఆగినవాడు బుద్ధిమంతుడు. ఆగి ఉంటే ఈ వ్యాసమూ ఇక్కడే ఆగేది.

మెత్తని సీటు తీసేసి గట్టి పలక సీటు వేసి, వీపును ఇంకా వెనక్కి వాల్చాను. సైకిల్ కంపెనీవారు పెడళ్ళను కిందుగా అమర్చినందువల్ల, నడుము ఎంత వాలినా కాళ్ళు కిందనే ఉండి గాలిని యథాప్రకారం ఆహ్వానిస్తాయన్న విషయం డబ్బు కట్టాక గమనించాను. చట్రం స్వభావాన్ని నట్లు బోల్టులు మార్చలేవు. వాలిన వీపు మీద తల నిలబెట్టి ఉంచవలసి రావడంతో మెడ నొప్పి మొదలైంది. ఈ భంగిమలో తీయించుకున్న ఫోటోను మా అమ్మకు గుంటూరు పంపితే, "ఒరేయ్, కాళ్ళు ముందు పెట్టుకుని పోవడమేమిట్రా, అశుభం" అని వీడియో కాల్‌లోనే దిష్టి తీసింది. కాళ్ళు ముందు, తల వెనుకగా బజారున పోయేవారు మన ఊళ్ళో ఒక రకంవారే కదా.

చివరిగా ముందువైపు గాలికి అడ్డంగా పారదర్శకమైన ప్లాస్టిక్ తెర తెప్పించాను, దీన్ని ఫెయిరింగ్ అంటారు. చలికాలంలో ఇది దివ్యంగా పనిచేసింది. గాలి ముఖానికి తగలలేదు, వేగం కూడా కాస్త పెరిగింది. టెక్సాస్‌లో జూలై అనే నెల ఒకటి ఉంది. ఆ నెలలో మనిషికి గాలి తగలకుండా చేయడానికి నాలుగు వందల డాలర్లు ఖర్చు పెట్టినవాణ్ణి నేను తప్ప మరొకణ్ణి చూడలేదు. పక్కగాలి వీచిన రోజున అది తెర కాదు, తెరచాప.

మొత్తం మీద సగటు 18.5 నుంచి 21కి చేరింది. 15 కిలోమీటర్ల చుట్టు మీద సుమారు ఆరు నిమిషాలు ఆదా. ఆ ఆరు నిమిషాలూ వృథా పోవడం లేదు. కొత్త టైర్లలో గాలి త్వరగా తగ్గుతుంది కనుక బయలుదేరే ముందు పంపు కొట్టడానికి సరిపోతున్నాయి.

ఊడదీసిన మెత్తని సీటును మా ఆవిడ ఒక చెక్క పీట మీద బిగించి పెరటి వసారాలో వేసింది. చిక్కుడుకాయలు గిల్లడానికి అంతకు మించిన ఆసనం లేదట. నేను తిరిగి వచ్చేసరికి అది ఖాళీగా ఉండదు. మొన్న ఆదివారం షాద్‌నగర్ ఆయన కాఫీకి వచ్చారు. అందులో కూర్చున్నారు, గంటన్నర లేవలేదు. ఈ మధ్య ఆయనకూ నడుము పట్టేస్తున్నదట, ఇటువంటి సీటు ఎక్కడ దొరుకుతుందని అడిగారు. ఇది ఒక సైకిల్‌కు వచ్చిన సీటని, ఆ సైకిల్ కొంటే ఈ సుఖమంతా దానితోనే వస్తుందని, ఏమీ మార్చకుండా తొక్కమని ఎంతో చెప్పాను. ఆయన వెనక్కి ఆని, కాళ్ళు చాపి, కళ్ళు సగం మూసుకుని అంతా విన్నారు.

"బావుందండీ," అన్నారు, "ఇంతకీ ఎంత స్పీడు పోతుంది?"