వీడియో కాదు, ప్రెస్ నోట్ పంచండి

అమెరికాలోని మినియాపోలిస్‌లో పోలీసు మెడ మీద మోకాలు వేసి నొక్కితే చనిపోయిన నల్లజాతి వ్యక్తి జార్జ్ ఫ్లాయిడ్. అతని గురించి క్లాసులో చెప్పేటప్పుడు చేసే పెద్ద పొరపాటు ఆ చావు వీడియో వేయడం. ఒక మనిషి ప్రాణం పోవడం చూపిస్తే కొందరు పిల్లలు ఏడుస్తారు, కొందరు బిగుసుకుపోతారు. అందరూ కలిసి క్లాసులో ఉన్న ఒకే ఒక్క నల్లజాతి పిల్లాడి మొహంలోకి చూస్తారు. ఇక పాఠం ఎక్కడ?

2020 మే 25న అతను చనిపోయిన కొన్ని గంటలకే మినియాపోలిస్ పోలీసులు ఇచ్చిన ప్రెస్ నోట్ ప్రింట్ తీసి పంచండి. తెలుగులో చెప్పాలంటే దాని శీర్షిక "పోలీసుల సమక్షంలో అస్వస్థత, వ్యక్తి మృతి". క్రియల కింద గీతలు గీయించండి. ఎదిరించాడు, బేడీలు వేశారు, అస్వస్థతగా ఉన్నట్టు గమనించారు, అంబులెన్స్ పిలిచారు, చనిపోయాడు. 9 నిమిషాల 29 సెకన్ల పాటు మెడ మీదున్న మోకాలు ఏదీ? ఎవరూ ఏ ఆయుధమూ వాడలేదన్న మాట మాత్రం ఉంది. "ఎదురుకాల్పుల్లో మృతి" వార్తలు చదివి పెరిగిన మనకి ఈ వ్యాకరణం కొత్త కాదులెండి.

ఆ మోకాలు వేసిన పోలీసు డెరెక్ షావిన్‌కి ఇరవై రెండున్నరేళ్ల శిక్ష పడిందని చెప్పి ముగించడం ఇంకో తప్పు. చెడ్డ పోలీసు దొరికాడు, కథ కంచికి అనుకుంటారు పిల్లలు. అక్కడే గ్రాహమ్ కేసు తీయాలి. 1984, అమెరికాలోని షార్లట్ నగరం. షుగర్ పడిపోతోందని గ్రాహమ్ అనే నల్లజాతి వ్యక్తి ఆరెంజ్ జ్యూస్ కోసం దుకాణంలోకి వెళ్లి, క్యూ చూసి గబగబా బయటికొచ్చేశాడు. ఆ గబగబే పోలీసుకి అనుమానం. దుకాణంలో ఏమీ జరగలేదని తేలేసరికి అతని పాదంలో ఎముక విరిగింది, మణికట్లు కోసుకుపోయాయి. 1989లో ఆ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, బలప్రయోగాన్ని ఆ క్షణంలో అక్కడున్న సహేతుకమైన పోలీసు కళ్లతో చూడాలి, తర్వాత తీరిగ్గా కాదు. నేటికీ కొలబద్ద అదే. "భయపడ్డాను" అన్న మాటకి అంత బరువు ఎందుకో పిల్లలకి ఇక్కడ అర్థమవుతుంది.

ఎవరో ఒకరు "పోలీసుల చేతిలో చనిపోయేది తెల్లవాళ్లే ఎక్కువ కదా" అంటారు. కసరకండి, లెక్క నిజమే. బోర్డు మీద భాగహారం చేయించండి. జనాభాలో సుమారు 13 శాతం ఉన్న నల్లజాతివాళ్లు ఆ మృతుల్లో దాదాపు పావు వంతు.

అమెరికాలో ఉన్న మన తల్లిదండ్రులు కొందరు "మనకెందుకివన్నీ" అంటారు. 2015లో అలబామాలోని మాడిసన్‌లో మనవణ్ణి చూసుకోవడానికొచ్చిన గుజరాతీ తాత సురేష్‌భాయ్ పటేల్ వీధిలో నడుస్తుంటే, సన్నటి నల్ల మనిషి తిరుగుతున్నాడని ఎవరో ఫోన్ చేశారు. పోలీసు నేలకేసి కొట్టాడు. ఆయన కాళ్లూ చేతులూ పడిపోయే స్థితికొచ్చాడు. ఫెడరల్ కోర్టులో రెండుసార్లు జ్యూరీ తేల్చలేకపోయింది. 2016లో జడ్జి ఆ పోలీసుని నిర్దోషిగా వదిలేశారు.